సరిపడా వంట

మామగారు పోయాక కోడలు మొదట చేసిన పని, పెద్ద గిన్నెను వదిలించుకోవడం. పాపం, ఆవిడ కోపంలోనూ న్యాయముంది. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఆఖరి బస్సు తప్పిపోయి దిక్కులు చూసేవాళ్లు ఎవరు కనిపించినా సరే, "పదండి, మా ఇంట్లో ఓ ముద్ద తిని పొద్దున్నే వెళ్దురుగాని" అని వెంటబెట్టుకొచ్చేవారు. చెప్పాపెట్టకుండా. వచ్చినవాళ్లకు చాలకపోతే పరువు తక్కువని ఆవిడ రోజూ ఎక్కువే వండేది. ఎవరూ రాని రోజున మిగిలింది చెత్తబుట్టలో పోసి, దాంతోపాటు నాలుగు తిట్లు కూడా పోసేది.

ఇక మీదట ఇంట్లో ఒక్క మెతుకు వృథా కాకూడదని పంతం పట్టింది. వాడని సామానంతా పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. మనుషులు లేని గదిలో లైటు వెలగనిచ్చేది కాదు. మందుల కొట్టులో పొడులు తూచే మనిషికి కొలతలు ఒకరు నేర్పాలా? మనిషికో చిన్న గ్లాసు బియ్యం: తనకు, భర్తకు, బడికెళ్లే కూతురికి. చెత్తబుట్ట ఖాళీగా కనిపిస్తే ఆవిడకు కడుపు నిండినట్టుండేది.

చిక్కల్లా ఏమిటంటే, నిజంగా ఎవరి కడుపూ నిండేది కాదు. గిన్నె నిండుగానే దించేది. వడ్డన సగంలో ఉండగానే గరిటె అడుగు గీకేది.

"కొలత తప్పావేమో," అన్నాడు భర్త.

"నేనా? నేను కొలత తప్పితే మా కొట్టుకొచ్చే జనం బతికి బట్టకట్టేవాళ్లా?"

పెద్దవాళ్లు మంచినీళ్లు తాగి సర్దుకున్నారు. పిల్ల మాత్రం రోజురోజుకీ చిక్కిపోసాగింది. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు. "కాస్త తిండి పెట్టండమ్మా," అన్నాడు. తల్లికి తల కొట్టేసినట్టయింది. ఆ పూట తన వాటా కూడా కూతురి కంచంలోనే వేసి, కళ్లార్పకుండా ఎదురుగా కూర్చుంది. పిల్ల రెండు ముద్దలు తిని చెయ్యి తీసేసింది. కంచంలో అన్నం మాత్రం తరుగుతూనే ఉంది. అంచు నుంచి లోపలికి, పద్ధతిగా, తొందరేమీ లేకుండా. మామగారు అలాగే తినేవారు.

ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుంది. "ఎవరికి పెడుతున్నావే?"

"తాతయ్యకి. నువ్వు ఆయనకి కంచం పెట్టట్లేదుగా. ఆకలేస్తోందంటే నాదిస్తున్నా."

మర్నాడు ఆవిడ పంతం గట్టున పెట్టింది. పిల్ల ముందు పంతమెంత! నాలుగో గ్లాసు బియ్యం పోసి, బల్ల చివర ఆయన చోట కంచం పెట్టింది. ఆ కంచం ఖాళీ అయింది. పిల్ల కడుపారా తింది. గిన్నెలో ఒక్క మెతుకు మిగల్లేదు. కొన్నాళ్లకు పిల్ల బుగ్గలు నిండాయి. భయం భయమే అయినా, కొలత కుదిరినందుకు ఆవిడ ప్రాణం కుదుటపడింది.

"ఆయనా ఇంటిమనిషేగా," అంది భర్తతో.

ఆ సాయంత్రం గిన్నె దించుతుంటే గుమ్మం బయట చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. ఒక జత. వెనకాలే ఇంకో జత. ఆ వెనక ఇంకా, ఇంకా. భర్త వెళ్లి తలుపు తీశాడు. బయట చెప్పులూ లేవు, మనుషులూ లేరు.

వంటింట్లో పిల్ల బెంచీ మీద గోడకు అతుక్కుపోయేదాకా జరిగి, ముడుచుకుని కూర్చుంది. బెంచీ అంతా ఖాళీగానే ఉంది.

"తాతయ్య ఒక్కడే రాలేదమ్మా," అంది తన కంచాన్ని పక్కకు తోస్తూ. "బస్సు తప్పినవాళ్లట. పాపం, అందరికీ ఆకలట."

అలవాటు చొప్పున ఆవిడ చెయ్యి పై అరమీదికి పోయింది. పెద్ద గిన్నె ఉండే చోట చేతికి దుమ్ము తగిలింది. ఇటు పిల్ల కంచం అప్పుడే అన్ని వైపుల నుంచీ తరుగుతోంది.

"పొద్దున్నే వెళ్లిపోతారేమో అడగవే," అంది ఆవిడ.

పిల్ల పక్కకు తిరిగి అడిగింది. చాలాసేపు వింది.

"లేదటమ్మా. వాళ్లకి ఇంక బస్సుల్లేవట."