గోపన్న కొత్త ప్లేటు

దస్తగిరమ్మకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. మద్రాసు పోయిన మొగుడు బతికున్నాడో లేడో చెప్పే దిక్కు లేక, బిడ్డను చంకనేసుకుని ఇలాగే వాకిలి వైపు చూస్తూ ముసలిదైపోతానేమో అని.

అల్లా బాషా ఉగాది మర్నాడు రైలెక్కాడు. ఇప్పుడు శ్రావణం. అతనికి చదువు రాదు, ఇంకొకరి చేత ఉత్తరం రాయించుకోవాలంటే సిగ్గు. దస్తగిరమ్మ నాలుగో తరగతిలో బడి మానిన మనిషి. ఆ చదువుతోనే "గోపన్న మాస్టరు గారికి, సినిమా కంపెనీ, మద్రాసు" అని మూడు కార్డులు రాసింది. ఒక్కదానికీ జవాబు లేదు.

వాళ్లది దూదేకుల ఇల్లు. కడపలో పరుపుల పని సన్నగిల్లింది. గోపన్నది పక్కనున్న చెన్నూరు. నాటకాల్లో హార్మోనియం వాయిస్తూ సినిమాలకు పాటలు కట్టేదాకా ఎదిగాడు. ఒకప్పుడు ఆయన పరుపులకు దూది ఏకింది బాషానే. ఆ పరిచయం పట్టుకుని పని వెతుక్కుంటూ పోయాడు. అప్పటినుంచి దస్తగిరమ్మే ఇంట్లో మిగిలిన పాత విల్లు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి దూది ఏకుతోంది. ఆడది విల్లు పట్టిందని ఎవరేమన్నా ఆమె చెవిన వేసుకోలేదు.

ఆ ఆదివారం పొద్దున పనికి పోతుంటే బసవన్న కాఫీ హోటలు ముందు రచ్చ కనిపించింది. గోపన్న కొత్త పాట ప్లేటు వచ్చింది. గ్రామఫోను చుట్టూ పదిమంది.

"ఇదీ ఒక పాటనా? ఆలాపన యాడప్పా? ముందర రాగం నిదానంగా పరిచి, ఆపైన గదా గోపన్న పల్లవి ఎత్తుకునేది! ఇప్పుడు రైలు తప్పిపోతాదన్నట్టు ఉరుకుతాండాడు" అన్నాడు బొజ్జన్న. ఆయన వకీలు గుమాస్తా. గోపన్న పాత పాటలన్నీ ఆయనకు నోటికొచ్చు.

"నీ ఆలాపన అయ్యేలోపల నేను రెండు చొక్కాలు కుడతా గదా మామా" అన్నాడు దర్జీ ఏసేపు.

"నువ్వు కుట్టే చొక్కాలకు చేతులుండవులేరా."

అందరూ నవ్వారు. బొజ్జన్న నవ్వలేదు.

"నడమ ఆ టంగుటంగు ఏంది? దొరల వాయిద్యం! స్వరాజ్యం వస్తాందని ఊరంతా ఎగురుతాంటే ఈయప్ప దొరల కాళ్లు పట్టుకునె. పదకొండు మందిమి చేవ్రాలు పెట్టినాం. ఈ ప్లేటు పగలగొట్టి ముక్కలు, అర్జీ కలిపి గోపన్నకే పంపుతాండాం. చిరునామా నా కాడ ఉండాది."

"పగలగొట్టే ముందు ఇంకొక్కసారి విననీ" అని ఏసేపు గ్రామఫోను తాళం తిప్పించాడు.

పాట మొదలైంది. చరణం నడుమ ఆ చప్పుడు వచ్చింది. టంగ్, టంగ్... కాస్త ఆగి, మెత్తగా, టుంగ్.

దస్తగిరమ్మ నడక ఆపి చెవి ఒగ్గింది. చిన్నప్పుడు బాషా బండి మీదనుంచి పడ్డాడు. అప్పటినుంచి ఎడమ భుజం సరిగా లేవదు. దూది ఏకేటప్పుడు నారి మీద రెండు దెబ్బలు కొట్టి, విల్లు సర్దుకున్నాకే మూడోది వేస్తాడు. వీధి చివరనుంచి విన్నా అది ఎవరి చెయ్యో ఆమె చెప్పగలదు.

పాట ఆగింది. బొజ్జన్న ప్లేటు తీసి, గడప రాయి మీదికి ఎత్తాడు.

"ఆపు బొజ్జన్నా!"

"ఏమ్మే? మొగోళ్లు మాట్లాడుతాంటే నీకేం పని ఈడ?"

"మొగోళ్లకు చెవులుంటే నేనెందుకు మాట్లాడతా? అది దొరల వాయిద్యం కాదు. దూదేకే విల్లు. కొట్టింది మా ఆయన."

"సినిమా పాటలో దూది ఏకుతారా?" అని ఎవరో పగలబడి నవ్వారు.

ఆమె బిడ్డను బల్లమీద కూర్చోబెట్టి, మెట్టు మీద కూర్చుని విల్లు ఆనించుకుని, నారి కొట్టే కొయ్య చేతికి తీసుకుంది. "పెట్టు బసవన్నా, ప్లేటు."

బొజ్జన్న చేతిలోంచి ప్లేటు తీసుకుని బసవన్న మళ్లీ పెట్టాడు. మొదట ఆమె తన అలవాటుగా సమంగా కొట్టింది. పాటకు అడ్డం పడింది. అప్పుడు ఎడమ భుజం వంచి మొగుడిలాగా కొట్టింది. రెండు, ఆగి, ఒకటి. ఏది ప్లేటులోదో, ఏది మెట్టు మీదిదో తెలియలేదు. నాన్న విల్లు చప్పుడుకు నిద్రపోవడం అలవాటైన బిడ్డ ఆవలించింది.

బొజ్జన్న గొంతు సవరించుకున్నాడు. "విల్లే కానీ. అయినా పాట బాగలేదు."

"నాకూ పాత పాటలే ఇష్టం. అయినా ఆ ప్లేటు మీద నీ చెయ్యి పడితే ఈ కొయ్య నీ మీద పడతాది."

"పడతాది మామా, చూసినావుగా ఆ చెయ్యి" అన్నాడు ఏసేపు.

ప్లేటు బతికింది. అర్జీ మాత్రం మద్రాసుకు పోయింది, బొజ్జన్న పట్టు వదలలేదు. కానీ పదకొండు చేవ్రాళ్ల కింద దస్తగిరమ్మ వంకర అక్షరాలతో రాసింది: "మూడో దెబ్బ కొట్టే మనిషికి. నీ చెయ్యి విన్యా. బిడ్డ కూచుంటాంది. సిగ్గిడిచి జాబు రాయించు. లేదంటే నేనే వస్తా."

జవాబు ఇంకా రాలేదు. మీలో మద్రాసు పోయేవాళ్లుంటే, పాటలు పట్టే కంపెనీల గేటు దగ్గర ఒక్క మాట అడగండి. దూదేకులాయన, పేరు అల్లా బాషా, ఎడమ భుజం కాస్త వంగి ఉంటుంది. వేళకు తింటున్నాడా, ఒళ్లు బాగుందా చూసి, కడపకు ఒక కార్డు రాయండి.