పైల్వానుకు జాగా

నారాయణఖేడ్ బస్టాండు పక్కన నాకొక పంక్చరు షాపుంది. దాని చూరుకు ఆరేళ్లపాటు ఒక వెదురు పంజరం వేలాడింది. అందులో పైల్వాను ఉండేవాడు. పైల్వాను అంటే మనిషి కాదు, కౌజు పిట్ట. పావురం కంటే కాస్త బొద్దు, ఒళ్లంతా గోధుమరంగు గీతలు, ఎర్రటి కాళ్లు. ఉర్దూ మాట్లాడేవాళ్లు తీతర్ అంటారు, కన్నడం వాళ్లు గౌజల అంటారు. ఏ పేరుతో పిలిచినా కూర రుచి ఒక్కటేనని మా నాన్న అనేవాడు.

మాది వేట తెలిసిన ఇల్లు. అదీ దీమం పిట్టతో చేసే వేట. పెంచిన మగ కౌజును పంజరంలో పెట్టి, తెల్లవారగానే పొదల మధ్య దించి, చుట్టూ సన్నని ఉచ్చులు పరిచి, దూరంగా కూర్చోవాలి. లోపలిది కూస్తుంది. ఆ చుట్టుపక్కల బతికే అడవి కౌజుకు అది తిట్టులాగా వినిపిస్తుంది. నా జాగాలో కూసేది ఎవడురా అని ఉరికొచ్చి ఉచ్చులో కాలు పెడుతుంది. దీనికి తుపాకీ అక్కర్లేదు, పరుగెత్తే పని లేదు. మంచి జాగా దొరికితే సగం వేట అయిపోయినట్టే. పట్టా భూమిలో దిగితే రైతు కట్టె పట్టుకొని వస్తాడు కాబట్టి మా కన్నెప్పుడూ గైరాన్ల మీదే ఉండేది. ఊరి పశువుల మేతకని సర్కారు విడిచిపెట్టిన భూమిని మావైపు గైరాన్ అంటారు.

ఎనిమిదేళ్ల కింద నేను వేట మానేశాను. జాలి పుట్టి మానలేదు, అబద్ధం ఎందుకు, మోకాళ్లు అరిగి మానేశాను. వేటనైతే మానాను గానీ ఆ కూత లేకుండా ఉండలేకపోయాను. రెండేళ్లు ఓపికపట్టి, కంది చేలో కూలివాళ్లకు దొరికిన గుడ్డొకటి తెచ్చి మా పెట్ట కింద పెట్టాను. పైల్వాను అలా పుట్టాడు. వాడు ఒక్కరోజు కూడా వేటకు పోలేదు, అడవి పిట్ట మొహం చూడలేదు. బస్సు హారన్లకు జవాబు చెప్పుకుంటూ పెరిగాడు.

దసరా పోయి వారమైంది. సుహాసిని అనే అటవీ శాఖ బీట్ ఆఫీసరు స్కూటీ పంక్చరైందని నా షాపుకొచ్చింది. ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాను. మావాడికి ఊరుకోవడం చేతకాదు కదా, మెడ సాచి మూడుసార్లు కూశాడు. ఆమె తల పైకెత్తింది. ఆ తర్వాత చట్టం మొత్తం నాకు వినిపించింది. కౌజును పట్టడం తప్పు, పెంచడం కూడా తప్పు, ఇప్పటికిప్పుడు కేసు రాయవచ్చు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నా కోడి పొదిగిన పిల్ల అడవిదెట్లా అవుతుందని గట్టిగానే అడిగాను. ఆమె గొంతు పెంచలేదు.

"కోడి కింద పుట్టినా కౌజు కౌజే కాకా. నీ వయసు జూశి నాలుగు దినాలు ఇస్తున్న. ఆదివారం లోపట మంచి జాగ జూశి ఇడిసిపెట్టు. లేకుంటె నేను కేసు రాయాల్సొస్తది."

స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది. ఆ పిల్లలో కపటం లేదు. అది నాకు అప్పుడే తెలుసు, అయినా సాయంత్రం దాకా తిట్టుకుంటూనే ఉన్నాను.

నా భార్య అమృతమ్మకు చెబితే ముందు సుహాసినిని శపించింది, తర్వాత నన్ను. రోజూ చెదపుట్ట తవ్వి వాడికి పురుగులు తెచ్చి పెట్టేది ఆమే. చివరికి ఒక్క మాట అంది. "ఇడుస్తె ఇడువు. గని మన్షి తిరిగేకాడ ఇడిసినవంటె మల్ల ఇంట్లకు రాకు. వాడు మన్షిని జూస్తె పారిపోడు."

ఆమె భయం నిజమే. కుక్క వస్తే వాడికి రెక్కలున్నాయి, ఎగురుతాడు. మనిషి వస్తే మాత్రం ఎగరడు. పుట్టినప్పటి నుంచీ వాడికి మనిషంటే గింజ పెట్టేవాడే. అందుకని కౌజులు బతికే జాగా కావాలి, కానీ ఏ వేటగాడి కాలూ పడని జాగా కావాలి. నాలుగు రోజుల్లో అలాంటిది వెతికిపెట్టాలి. లేకపోతే నా పైల్వాను ఎవడి పొయ్యి మీదికో పోతాడు.

మోపెడ్ వేసుకొని బయల్దేరాను. ముందు కల్హేర్ వైపు పోయాను. ఒకప్పుడు అక్కడి గైరాన్ మీద నిలబడితే నాలుగు దిక్కుల నుంచీ కూతలు వినిపించేవి. ఇప్పుడు సగం భూమి సోయా చేలల్లో కలిసిపోయింది. మిగిలిన సగంలో కోళ్ల ఫారాల చెత్త పోస్తున్నారు, ఆ చెత్త కోసం ఇరవై కుక్కలు కాపలా ఉన్నాయి. మోపెడ్ దిగకుండానే తిరిగొచ్చాను.

మర్నాడు మనూర్ పోయాను. చూడగానే ప్రాణం లేచొచ్చింది. రేగు కంప ఉంది, పక్కనే కోసిన మినుము చేను ఉంది, కుంటలో ఇంకా నీళ్లున్నాయి, చెదపుట్టలకు కొదవలేదు. మట్టిలో గుంట చేసుకొని కౌజులు పొర్లాడిన ఆనవాళ్లు కూడా కనిపించాయి. పంజరం ఎక్కడ దించాలో, ఉచ్చులు ఏ పక్క పరచాలో, నేనెక్కడ కూర్చోవాలో చేతులు వాటంతట అవే చూపిస్తున్నాయి. అప్పుడు నా బుర్రకు తట్టింది. కౌజుకు మంచి జాగా ఏదో, వేటగాడికి మంచి జాగా కూడా అదే. ముప్పై ఏళ్లు నేర్చుకున్న విద్య ఇప్పుడు నాకే అడ్డం తిరిగింది.

మూడో రోజు నాగల్‌గిద్ద దాటి కర్ణాటక పొలిమేర దాకా పోయాను. అక్కడ వాగు ఒడ్డున ఒక గైరాన్ ఉంది. బండి పోదు, అరమైలు రాళ్లలో నడవాలి. మోకాళ్లను తిట్టుకుంటూ నడిచాను. వాగులో సన్నగా నీళ్లు పారుతున్నాయి. అవతల కంది చేలు, ఇవతల తుమ్మలు, పరికి కంప. కౌజుల రెట్టలు తాజాగా ఉన్నాయి. మనిషి ఆనవాలు కోసం గంటసేపు వంగి వంగి వెతికాను. బీడీ ముక్క గానీ, నైలాను దారం గానీ, పీకిన ఈక గానీ ఏదీ దొరకలేదు.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. ఇంకా వేట చేస్తున్నవాణ్ణి ఒకణ్ణి అడిగి చూద్దామనిపించింది. నాకు తెలిసి ఇటువైపు మిగిలింది సంగప్ప ఒక్కడే. నాగల్‌గిద్దలో రెండెకరాల కంది వేసుకొని బతుకుతాడు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. నేనూ వాడూ కలిసి పదేళ్లు ఉచ్చులు పరిచాం. వేట మానేశాక కలవలేదు, పైల్వాను సంగతి వాడికి తెలియదు.

ఇంటి ముందు దాతి కొడవలి నూరుకుంటున్నాడు. "భూమన్నా, బాప్పా బా" అని పిలిచి మంచం వాల్చాడు, చాయ్ పెట్టించాడు. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఏమని చెప్పను? దీమం పిట్టను పెంచి, ఒక్కనాడు కూడా వేటకు తీసుకుపోకుండా, ఇప్పుడు దానికి ఇల్లు వెతుకుతున్నానని చెబితే వాడు చచ్చేదాకా నవ్వుతాడు, ఊరందరినీ నవ్విస్తాడు. నాకు సిగ్గేసింది. మళ్లీ వేట మొదలుపెడదామనుకుంటున్నాను, ఈ మధ్య నువ్వు పంజరం ఎక్కడ దించుతున్నావు అని మాత్రం అడిగాను.

సంగప్ప చాయ్ గ్లాసు కింద పెట్టి, నాగల్‌గిద్ద వైపు ఏమీ మిగల్లేదన్నాడు. చేలకు మందులు కొట్టీ కొట్టీ పిట్టలన్నీ పోయాయట. వాగు ఒడ్డు గైరాన్‌కు తాను పోయి పదేళ్లయిందట.

"ఇప్పుడంత మనూరే, భూమన్నా. పతి ఐతారం తెల్లారెవరకు మనూర్ గైరాన్లనే ఉంట."

నాకు లోపల నవ్వొచ్చింది. తాజా రెట్టలు నా కళ్లతో చూసి వచ్చాను. ముసలాడికి చూపు మందగించింది, పెరట్లో ఉన్న పిట్టలే కనబడటం లేదనుకున్నాను. మనూర్‌లో ఆదివారాలు సంగప్ప ఉంటాడు, వాగు ఒడ్డుకు ఎవరూ రారు. ఇంతకంటే ఏం కావాలి? తిరుగు దారిలో పాట పాడుకున్నాను, అది నాకు అలవాటు లేని పని.

ఆదివారం పొద్దున నేను లేచేసరికి అమృతమ్మ పంజరం కడుగుతోంది. పిట్టను వదిలేసే రోజున పంజరం కడగడం ఎందుకని అడిగాను. లోపల గుప్పెడు జొన్నలు వేసి, గుడ్డ కప్పి చేతికిచ్చింది.

వాగు ఒడ్డుకు చేరేసరికి తూర్పు ఎర్రబడింది. గుడ్డ తీసి తలుపు ఎత్తాను. పైల్వాను బయటికి రాలేదు. పంజరం వంచితే జారినట్టుగా దిగి, నా చెప్పు చుట్టూ తిరిగి రెండు గింజలు ఏరుకున్నాడు. నేను వెనక్కి వెనక్కి నడిచి ఒక తుమ్మ చాటున కూర్చున్నాను. కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత వదులు మట్టిలో బోర్లా పడి రెక్కలు కొట్టుకుంటూ పొర్లాడాడు. పుట్టాక అదే మొదటిసారి. ఎవరు నేర్పారు వాడికి? నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నేను తప్పు చేయలేదు, మంచి జాగానే వెతికాను అనుకున్నాను. చాలా సంతోషమేసింది.

పొర్లాడి లేచి ఒళ్లు విదిలించుకొని, ఒక పుట్ట ఎక్కి కూశాడు. బస్టాండులో కూసిన కూతే, కాకపోతే ఇక్కడ అడ్డం వచ్చే హారన్లు లేవు. వాగు మలుపు అవతల నుంచి జవాబు వచ్చింది. పైల్వాను గడ్డకట్టినట్టు నిలబడిపోయాడు. బస్సులు కాకుండా మరొకటి వాడికి జవాబు చెప్పడం అదే మొదలు. మళ్లీ కూశాడు, మళ్లీ జవాబు వచ్చింది. పుట్ట దిగి అటువైపు పరుగు తీశాడు. పోరా, కొట్టుకో, గెలిచి నీ జాగా నువ్వే సంపాదించుకో అని లోలోపలే దీవించాను.

మూడో జవాబు వినిపించింది, నాలుగోదీ వినిపించింది. అడవి కౌజు కూసిన చోట నిలవదు. శత్రువు వస్తున్నాడంటే ఎదురైనా వస్తుంది, పక్కకైనా తప్పుకుంటుంది. ఈ కూత నాలుగుసార్లూ ఒక్కచోటు నుంచే వచ్చింది. కదలడానికి వీల్లేనిది కూస్తోంది. అది పంజరంలో ఉంది.

మంచి జాగాను ఏ వేటగాడు చెబుతాడు? ముప్పై ఏళ్లలో నేనే ఎవడికీ చెప్పలేదు. సొంత బావమరిది అడిగితే మనూర్ జాగా దాచి, పిట్టలు తగ్గిపోయిన కల్హేర్‌కు పంపించి, వాడు ఖాళీ చేతులతో వస్తే నవ్వుకున్నాను. ఎదుటివాడు నాకు నిజం చెబుతాడని ఏ బుద్ధితో నమ్మానో నాకే తెలియదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. బీడీ ముక్క కూడా వదలని వేటగాడు ఈ చుట్టుపక్కల సంగప్ప తప్ప ఇంకెవడున్నాడు?

లేచి పరుగెత్తాను. కంప గీరింది, ఒక చెప్పు ఊడిపోయింది, వాగు దాటుతూ ఒకసారి పడ్డాను. "ఆగు సంగప్పా" అని అరిచాననుకున్నాను గానీ ఆయాసంలో ఆ మాట నాకే వినబడలేదు. ముందు నుంచి పైల్వాను కూత ఒకటి మొదలై మధ్యలో తెగిపోయింది.

మలుపు తిరిగేసరికి సంగప్ప గొంతుక్కూర్చొని ఉన్నాడు. పక్కన గుడ్డ సగం కప్పిన పంజరం, చుట్టూ ఉచ్చులు. ఎడమ చేతిలో పిట్ట ఉంది. మెడ అప్పటికే విరిచేశాడు. మా వేటలో అది రెప్పపాటు పని. నన్ను చూసి ముందు కంగారుపడ్డాడు, తర్వాత జాగా విషయంలో అబద్ధం దొరికిపోయిన సిగ్గుతో నవ్వాడు. నాకు కోపమొచ్చిందనుకున్నాడు. వేట దగ్గరికి వచ్చినవాడికి వాటా ఇవ్వాలనేది మాలో పాత పద్ధతి. పిట్టను రెండు చేతుల్లో పెట్టి నా వైపు చాపాడు.

"తప్పైంది భూమన్నా, ఇయ్యాల్టి పిట్ట నీదే తీస్కో. గని ఒక్కటి చెప్త ఇను. ఇది ఉచ్చుల పడలె. పంజరం దాక వచ్చి, నన్ను జూశి నిలవడ్డది. చెయ్యి సాపితె చెయ్యి మీదికి ఎక్కింది. నలబై ఏండ్ల సంది ఏటాడుతున్న, గిసొంటి పిట్టను జూడలె. ఎందుకెక్కిందంటవ్?"

పిట్టను అందుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది.

"నా చెయ్యనుకున్నది సంగప్పా" అన్నాను.