నల్లబడిన నాచు

కర్రపెండలం దుంపల్లోకి కొబ్బరిపాలు పిండుతూ మ్వాజుమా తన వేళ్ల వంక చూసుకుంది. జంబియాని తీరంలో ఇరవై ఏళ్లుగా మోకాటి లోతు నీళ్లలో వంగి, అమ్మకానికి పెంచే సముద్రపు నాచు ముక్కల్ని తాళ్లకు కట్టీ కట్టీ వేళ్ల చివర్లు అరిగిపోయాయి. ఆమె మొగుడు మకామె దాన్ని ఎన్నడూ పని అనలేదు. ఆడాళ్లు నీళ్లలో కూచుని కబుర్లు చెప్పుకుంటారని పడవల దగ్గర మగాళ్లతో అనేవాడు. ఆ కబుర్లే ఇంటికి రేకుల కప్పు వేశాయి, కూతురు రుకియాను చదివించాయి. ఇప్పుడు ఒడ్డున నీళ్లు కాగిపోయి, నాచు తెల్లగా పాలిపోయి ముట్టుకుంటే తెగిపోతోంది. వరసగా మూడు పంటలు పోయాయి.

పొద్దున, ఆడవాళ్లకు ఈత నేర్పడానికి పట్నం నుంచి జుహురా అనే పిల్ల వచ్చింది. నాచుకు వేరుండదట, ఒళ్లంతా ఆకేనట, ఒళ్లంతటితోనూ వెలుతురు తాగుతుందట. ఎండ మితిమీరిన చోట రంగు వదిలేసుకుంటుందట. లోతులో, ఉన్న కాస్త వెలుతురూ జారిపోకుండా పట్టుకోవడానికి రంగు కూడగట్టుకుని నల్లబడుతుందట.

"నల్లగా ఉందంటే బాగున్నట్టే పెద్దమ్మా. ఈత నేర్చుకుని లోతుకు రండి, అక్కడ కట్టుకోవచ్చు."

మ్వాజుమా మనసు ఆ నలుపు దగ్గరే ఆగిపోయింది. తొమ్మిదేళ్ల కిందట ఆమె తాడొకటి తెగి కొట్టుకుపోయింది. నెల తర్వాత మకామె దాన్ని లోతులోంచి తెచ్చి వాకిట్లో పడేశాడు. నల్లని కొమ్మలు, ఒక్కోటి బొటనవేలంత లావు. కుళ్లిపోయింది, పారెయ్యమన్నాడు. తన చేత్తోనే పారేసింది.

పళ్లెం పెట్టి, జుహురా చెప్పిందంతా మొగుడికి చెప్పింది. అతను తలెత్తలేదు.

"అదేమన్నా కొత్త సంగతా? లోతులో నాచు నల్లగానే ఉంటుంది. చిన్నప్పట్నించీ చూస్తున్నా."

"మరి ఆ రోజు కుళ్లిందన్నావు?"

"బాగుందంటే పడవెక్కుతానని కూచుందువు. నడుం దాటిన నీళ్లలో ఆడదానికేం పని? ఇంకాస్త పాలు పొయ్యి."

పోసింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. తెల్లబడిన ప్రతి పంటకూ తన ముడి గట్టిగా పడలేదేమోనని తన చేతుల్నే తిట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. తొమ్మిదేళ్ల కిందట మోకాళ్లు ఇలా పట్టేసేవి కావు. ఒంట్లో ఊపిరి ఉండేది.

"రేపట్నించి మధ్యాహ్నం నువ్వే వడ్డించుకో. పోటు వేళకి నేను ఈతకి పోతున్నా," అంది.

"యాభై రెండేళ్లకా?" అని నవ్వాడు మకామె.

"నువ్వు చెప్పుంటే నలభై మూడుకే పోయేదాన్ని."