సేజ్ ఆకూ, కాటా మీద పాపాయీ

ఆ ఇంటి బాల్కనీలో సేజ్ అనే సీమ మూలిక మొక్క పెరగడం మానేసి పెత్తనానికి దిగింది. వాసనకి ఉంటుందిలే అని అత్తగారు ఖాళీ పెయింటు డబ్బాలో గుచ్చిన కొమ్మ అది. బూడిదరంగు నూగుతో, ముక్కుకి కొట్టే ఘాటుతో ఆ డబ్బా నిండింది, పక్క డబ్బాలూ నిండాయి. ఆఖరికి బట్టలారేసే తీగ మీద చెయ్యి వేసింది. ఇరుగుపొరుగు మొదట్లో ఆకు నవ్వుతూ పుచ్చుకున్నారు. తరవాత్తరవాత అత్తగారి చేతిలో పచ్చగా ఏది కనబడినా తలుపులు వేసుకున్నారు.

సరిగ్గా అప్పుడే కొడుకు అన్నానికీ రొట్టెకీ విడాకులిచ్చాడు. అతను కాటాలు బాగుచేసే మెకానిక్. ఊళ్లో దుకాణాల తూకాలన్నీ సరిచేసి, ఒకనాడు తన తూకం చూసుకుని హడలిపోయాడు. మూటలు తూచే డిజిటల్ కాటా ఒకటి మోసుకొచ్చి వంటింటి గుమ్మం పక్కన పెట్టాడు.

"ఇక నుంచి పిండి అనే మాట ఈ ఇంట్లో వినబడకూడదు."

"మరేం తింటావురా?" అంది అత్తగారు.

"గుడ్లు, కోడి, చీజ్, కాలీఫ్లవర్."

"వాటికి రుచేముంటుంది, నా మొహం!" అంటూ ఆవిడ బాల్కనీ వైపు చూసింది. అంతే, మొక్కకి దారి దొరికింది.

వెన్నలో వేయించిన సేజ్, అట్టులో సేజ్, కోడి పొట్టలో సేజ్. కాలీఫ్లవర్‌ని అన్నంలా తురిమి, పాపం అది అన్నం కాదన్న సంగతి మరిపించడానికి గుప్పెడు సేజ్. తిన్నవన్నీ అరగడానికి సేజ్ టీ. ఆ టీ మటుకు కోడలికి ప్రత్యేకం, పూటపూటా పెద్ద గ్లాసుతో.

కోడలు చంటిబిడ్డ తల్లి. పాపాయి ఈమధ్య గుంజి గుంజి, ఏడ్చి, రొమ్ము వదిలేస్తోంది. పోయినసారి క్లినిక్‌లో నర్సు తూచి పెదవి విరిచింది. వచ్చేసారికీ బరువు పెరగకపోతే డబ్బాపాలు మొదలుపెట్టమంది. కోడలి చదువు సగంలో ఆగింది, కుట్టుపని నేర్చుకోబోతే అదీ సగంలో ఆగింది. మొదలుపెట్టినదేదీ పూర్తిచెయ్యదన్న పేరు పుట్టింట్లోనే ఉంది. బిడ్డకి పాలివ్వడం ఒక్కటైనా సగంలో ఆగకూడదని ఆమె పంతం.

రోజూ పొద్దున మొగుడు కాటా ఎక్కి దిగాక పాపాయిని పళ్లెంలో పెట్టి తూచేది.

"నేను తగ్గాను!" అన్నాడతను ఒకరోజు. "పాపాయి కూడా తగ్గిందే, భలే!" అని అదే ఊపులో అనేసి, భార్య మొహం చూసి నాలిక కరుచుకున్నాడు.

"కాటా తప్పేమోనండీ."

"నేను ముద్ర వేసిన కాటా! అబద్ధమాడదు. నువ్వు ఊరికే బెంగపడుతున్నావు. బెంగపడితే పాలెక్కడ పడతాయి?"

"బెంగకీ ఇదే మందు," అంటూ అత్తగారు ఇంకో గ్లాసు టీ పోసింది.

ఆ సాయంత్రం కింది వాటా ఆవిడ పిల్లాడిని చంకనేసుకుని పైకొచ్చింది. పరిగెత్తే వయసొచ్చినా వాడింకా పైటకొంగు వదలడం లేదట. "ఎంత చేసినా పాలు మానడు పిన్నిగారూ. నా ప్రాణం తోడేస్తున్నాడు."

"ఓస్, అంతేనా!" అత్తగారి మొహం వెలిగిపోయింది. ఆకు కావాలనే మనిషి దొరక్క ఎన్నాళ్లయిందో! "సేజ్ టీ కాచుకు తాగు. మావాడూ అంతే, నడకొచ్చినా వదల్లేదు. మా అమ్మ నాకిదే పట్టించింది. వారం తిరక్కుండా పాలు ఎక్కడివక్కడ ఇంకిపోయాయనుకో!"

కోడలి చేతిలో గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"అత్తయ్యా, మరి నాకు పోస్తున్నదేంటి?"

అత్తగారు గ్లాసు వంక చూసింది, పాపాయి వంక చూసింది. "నీకిచ్చేది అరుగుదలకి కదే అమ్మాయ్!"

"ఆ సంగతి ఆకుతో చెప్పారా పిన్నిగారూ?" అంది కింది వాటా ఆవిడ.

కోడలు తగువుకి దిగలేదు. గ్లాసు తీసుకెళ్లి పెయింటు డబ్బాలో ఒంపేసి, పొయ్యి మీద అన్నం పడేసింది. ఆ వాసనకి మొగుడు పరిగెత్తుకొచ్చాడు.

"నేను తినను గాక తినను!"

"మీకెవరు పెడుతున్నారు? ఇది నాకు."

ఆకు మానేసి, కడుపునిండా తిని, ఏడ్చినప్పుడల్లా పాపాయిని ఒళ్లోకి తీసుకుంది. కొన్నాళ్లకి గుటక చప్పుడు మళ్లీ వినబడింది. అది విన్ననాడు కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గిన్నెలో అన్నం మాత్రం తను తిన్నదానికన్నా ఎక్కువే తరుగుతోంది.

క్లినిక్‌కి వెళ్లాల్సిన రోజు పొద్దున పాపాయి పళ్లెంలో కాళ్లాడిస్తూ పడుకుంది. అంకె పెరిగింది. కోడలు బిడ్డని దించి, మళ్లీ పడుకోబెట్టి చూసింది. అదే అంకె.

తరవాత మొగుడు ఎక్కాడు. అతని అంకె కూడా పెరిగింది. కిందికి వంగి కాటాని అటూ ఇటూ కదిపాడు.

"ఇది పాడైనట్టుందే."

"మీరు ముద్ర వేసిందేగా, అబద్ధమాడదు," అంది కోడలు పాపాయిని భుజాన వేసుకుంటూ. "మూతి పక్కన మెతుకుంది, తుడుచుకోండి."