లూర్దెస్ ఇక్కడ పనిచేయడం లేదు

లూర్దెస్ ఆవిలా నమ్మే మనుషులు ఈ భూమ్మీద ఇద్దరే. ఒకడు మొగుడు డేలియో. అతణ్ణి కూడా జీతం వచ్చిన రోజున నమ్మదు. రెండో ఆయన ఆర్విడ్ స్వెన్సన్, ఆమె పనిచేసే పంపుసెట్ల రిపేరు షాపు యజమాని. మిగతా టర్లాక్ ఊరు మొత్తం ఆమె దృష్టిలో ఏదో ఒక రోజు తన కొంప ముంచడానికి కాచుకుని కూర్చున్న జనమే.

పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఒకప్పుడు అందర్నీ నమ్మేది, అదే ఆమె చేసిన పొరపాటు. ఏడేళ్ల కిందట వాళ్లకి ఇంటి లోను ఇప్పించిన బ్రోకరు పరాయివాడు కూడా కాదు. వాళ్లు పుట్టి పెరిగిన దీవుల నుంచి వచ్చినవాడే, చర్చిలో వాళ్ల వెనక బెంచీలో కూర్చుని పాటలు పాడేవాడు. డేలియో జీతాన్ని కాగితం మీద రెండింతలు చేసి, "మీ మంచికే వదినా, అందరూ ఇలాగే రాస్తున్నారు" అన్నాడు. వీళ్లు సంతకాలు పెట్టి, వాడికి అన్నం కూడా పెట్టి పంపారు. తర్వాత వాయిదా పెరిగింది, ఇళ్ల ధరలు కుప్పకూలాయి, పాల ట్యాంకరు నడిపే డేలియోకి ట్రిప్పులు తగ్గాయి. ఆఖరికి, అప్పుకంటే తక్కువకే ఇల్లు అమ్మేసుకోండి, మిగిలింది మేం వదిలేసుకుంటాం అని బ్యాంకు ఒప్పుకుంది. షార్ట్ సేల్ అంటారు దాన్ని. పేరుకి అమ్మకమే గానీ అమ్మినవాడి చేతికి చిల్లిగవ్వ రాదు.

ఇల్లు పోయింది గానీ ఫోన్లు పోలేదు. క్రెడిట్ కార్డుల వాళ్లు, వాళ్ల దగ్గర బాకీలు కొనుక్కున్న వాళ్లు, మీ ఇల్లు మీకు తిరిగి ఇప్పిస్తాం ముందు ఫీజు కట్టండి అనే దొంగవెధవలు, అందరూ కలిసి ఆమెను ఫోన్ మోగితే ఉలిక్కిపడే మనిషిని చేశారు. షాపుకి కూడా చేసేవాళ్లు. అప్పుడు ఆర్విడే ఉపాయం చెప్పాడు. "ఎవరడిగినా ఆవిడ మానేసి వెళ్లిపోయిందని చెప్పు. నేనెత్తినా అదే చెబుతాను." అలా లూర్దెస్ తన పేరు చెప్పి తనే లేదనడం నేర్చుకుంది. చివరికి అందులో నటన కూడా బాగా కుదిరింది.

ఇల్లు పోయిన దగ్గర్నుంచీ కాపురం ఆడబిడ్డ ఒడెట్ డెయిరీ వెనకాల, లారీ మీద తెచ్చి దింపిన రేకుల ఇంట్లో. ఆవుల వాసనకి అలవాటు పడొచ్చు, ఒడెట్ మాటలకే అలవాటు పడలేం. "నిన్న మీ లైటు చాలాసేపు వెలిగిందే" అంటుంది నవ్వుతూ. కరెంటు బిల్లు ఆవిడే కడుతుంది మరి.

షార్ట్ సేల్ అయిన మూడేళ్లదాకా ప్రభుత్వ పూచీ ఉన్న ఇంటి లోను ఎవరూ ఇవ్వరు. ఆ గడువు ఈ వసంతంలో తీరింది. ఆ మధ్యలో ఒక్క బిల్లు కూడా ఆలస్యం కాలేదు. కెనాల్ అవతల రెండు గదుల ఇల్లు చూశారు, బేరం కుదిరింది. శుక్రవారం పొద్దున సంతకాలు. తప్పితే ఇల్లు రొక్కం పట్టుకుని కూర్చున్న ఇంకొకడికి పోతుంది.

లోను కంపెనీలో వీళ్ల పని చూసే పిల్ల మారిబెల్. మర్యాదస్తురాలు, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడుతుంది. ఆ నవ్వే లూర్దెస్‌కి గుచ్చుకునేది.

"మనతో నవ్వాల్సిన అవసరం దానికేంటి?" అంది డేలియోతో.

"నవ్వే మొహం పెట్టాడేమో దేవుడు."

"బ్రోకరుగాడు కూడా నవ్వేవాడు."

"వాడికి పళ్లు ఎత్తు. అది నవ్వు కాదు."

బుధవారం మధ్యాహ్నం షాపులో ఫోన్ మోగింది. ఆర్విడ్ వెనక షెడ్డులో ఉన్నాడు. లూర్దెస్ ఎత్తింది. అవతల ఒక మగ గొంతు, వెన్న రాసినట్టు మెత్తగా ఉంది.

"లూర్దెస్ ఆవిలా అనే ఆవిడ అక్కడ పనిచేస్తున్నారాండీ?"

మెత్తటి గొంతులంటే ఆమెకు మహా ఒళ్లుమంట. "ఆవిడా? ఎప్పుడో మానేసింది బాబూ. నెవాడా వెళ్లిపోయిందని విన్నాను. ఆవిడ మీకు కూడా ఏమన్నా బాకీనా?"

"కాదండీ. కనుక్కుందామని. థాంక్సండీ."

ఫోన్ పెట్టేసి తన తెలివికి తనే మురిసిపోయింది. రాత్రి భోజనాల దగ్గర డేలియోకి చెబితే అతను లింగీసా సాసేజి ముక్క నములుతూ, "నెవాడా దాకా పంపించావే, కాస్త దగ్గర్లో దింపాల్సింది" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరూ హాయిగా నవ్వుకున్నారు.

గురువారం పొద్దున్నే మారిబెల్ నుంచి ఆమె సెల్‌కి ఫోన్ వచ్చింది. గొంతులో నవ్వు లేదు.

"మేడమ్, మీ లోను ఆగిపోయింది. ఉద్యోగం పోయిందని నాకు ముందే చెప్పాల్సింది."

"నా ఉద్యోగం పోవడమేంటి? నేను షాపులోనే ఉన్నాను."

"సంతకాలకి ముందు మావాళ్లు ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటారు. మీరు మానేశారని చెప్పారంట."

మొదట ఒడెట్ మీదికి పోయింది ఆమె అనుమానం. తను వేరే ఇల్లు కొనుక్కుంటే ఒడెట్ లైట్ల లెక్క ఎవరికి చెప్పుకుంటుంది పాపం. తర్వాత రొక్కం పట్టుకున్నవాడు గుర్తొచ్చాడు. వాడు ఈ పిల్లకి ఎంత ముట్టజెప్పి ఉంటాడో.

"ఎవరు చెప్పారంట? పేరేంటి? ఊరికే వదిలిపెట్టను. అసలు మా మీద ఇంత కక్ష ఎవరికుందో నాకు తెలియాలి. మారిబెల్, నిజం చెప్పు, ఆ ఇల్లు వేరేవాళ్లకి ఇప్పించాలని చూస్తున్నారా మీరు?"

"నాకెందుకమ్మా అలాంటి పనులు? షాపు నెంబరుకే చేశారు. నిన్న మధ్యాహ్నం. ఎవరో ఆడ మనిషి ఎత్తిందంట. ఎప్పుడో మానేసి నెవాడా వెళ్లిపోయిందని చెప్పిందంట."

లూర్దెస్ ఇన్నేళ్లు ఊరందర్నీ అనుమానించి, ఆఖరికి తన కొంప తనే ముంచుకుంది.

"ఆ ఆడ మనిషిని నేనే" అంది.

"మీరే మీరు లేరని చెప్పారా?"

"బాకీల వాళ్లనుకున్నాను. అలవాటు."

మారిబెల్ మాటతీరు మారింది. ఇప్పుడు ఆ పిల్ల అనుమానపడుతోంది. తను ఇన్నాళ్లూ అందరితో మాట్లాడిన గొంతు ఎలా ఉంటుందో లూర్దెస్ మొదటిసారి విన్నది.

"చూడండి, మీరు చెప్పింది నేను నమ్మినా పైవాళ్లు నమ్మాలి కదా. ఇంకొక్కసారి చేయిస్తాను. ఇంకాసేపట్లో వస్తుంది ఫోన్. మీరు ఎత్తకండి. మీ యజమాని ఎత్తాలి, ఆయనే చెప్పాలి."

లూర్దెస్ షెడ్డులోకి పరుగెత్తింది. ఆర్విడ్ విప్పేసిన పంపు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. డెబ్భై దాటినవాడు. జరిగినదంతా చెప్పింది. పడీపడీ నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు, ఎంతకీ పూర్తి చేయలేదు.

"నేనే చెప్పాలంటావా?" అన్నాడు.

"మరెవరు చెబుతారండీ, యజమాని మీరే కదా."

"అవుననుకో. వస్తాను పద, అమ్మాయ్."

ఫోన్ మోగింది. నిన్నటి మెత్తటి గొంతే అయి ఉంటుంది. ఆమె దూరంగా నిలబడి ఆర్విడ్ పెదాలవైపే చూసింది. "అవును, ఇక్కడే చేస్తుంది. తొమ్మిదేళ్లయింది. ఆ, పూర్తి సమయం. నిన్నటిది పొరపాటు, చెప్పిన మనిషికి తెలీదు." ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అంతలో అవతలివాడు ఇంకేదో అడిగాడు. ఆర్విడ్ గోడకేసి చూశాడు. గోడ మీద చూడ్డానికేమీ లేదు.

"ఆ... ఉంటుంది" అని ఫోన్ పెట్టేశాడు.

"నన్ను బతికించారండీ. కాఫీ పెడతాను" అంది లూర్దెస్. గిన్నె చేతిలోకి తీసుకుంది గానీ కదల్లేదు. ఆయన ఇంకా ఫోన్ మీద చెయ్యి వేసుకునే ఉన్నాడు.

"ఆఖర్న ఏం అడిగాడండీ?"

"ఏముంది, మామూలే. ఉద్యోగం ఇలాగే కొనసాగుతుందా అని. అందరికీ అడుగుతారంట."

"మీరు ఉంటుందన్నారు."

"అన్నాను కదా. విన్నావుగా."

అప్పుడు ఆమె కళ్ల ముందు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. కొత్త చొక్కా వేసుకుని యార్డు కొలిచి వెళ్లినతను. పన్నుల ఆఫీసువాడనుకుని తనే కాఫీ ఇచ్చింది. ఈ సీజనుకి సగానికి సగం తగ్గించి తెప్పించిన సామాను. వయసైపోయింది, ఓపిక లేదని సరిపెట్టుకుంది. ఎవరి చెత్తబుట్టలో ఏముందో కూడా పట్టించుకునే మనిషి ఇవేవీ పట్టించుకోలేదు. ఈయన ఆర్విడ్ కాబట్టి.

"అమ్మేశారా?" అంది.

ఆయన తలెత్తలేదు. "స్థలమొక్కటే. సామాన్లు దాచుకోవడానికి అద్దెకిచ్చే గదులు కడతారంట ఇక్కడ. బాదం కోతలయ్యేదాకా గడువిచ్చారు."

"అంటే సెప్టెంబరు."

"అటూ ఇటూగా. నీకు రేపు సంతకాలయ్యాక చెబుదామనుకున్నాను. ముందు చెబితే నీ ఇల్లు పోతుంది. నీ మంచికే అమ్మాయ్. ఒకసారి ఇల్లు చేతికొచ్చాక నిన్నెవరు అడుగుతారు?"

లూర్దెస్‌కి కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది. ఆయన చెప్పింది అబద్ధమే, కానీ ప్రేమతో చెప్పిన అబద్ధం. అందుకే ఎక్కడ పట్టుకుని తిట్టాలో తెలియలేదు. ఆయన కూడా తనతో మెత్తగానే మాట్లాడాడు, తొమ్మిదేళ్లూ.

సెల్ మోగింది. మారిబెల్. నవ్వు తిరిగొచ్చింది.

"మేడమ్, అయిపోయింది. రేపు పొద్దున పదింటికి. మంచి పెన్ను తెచ్చుకోండి, చాలా సంతకాలున్నాయి."

"సరే" అని మాత్రం అనగలిగింది.

బయటికొచ్చి డేలియోకి చేసింది. అతను హిల్మార్ దగ్గర ఎక్కడో ట్యాంకరు ఆపి విన్నాడు.

"పెట్టేద్దాం సంతకం" అన్నాడు. "పని ఇంకోటి దొరక్కపోదు నీకు."

"దొరక్కపోతే?"

"దొరుకుతుంది లేవే."

"నీ ఒక్క జీతంతో వాయిదా ఎన్నాళ్లు కట్టగలం?"

లెక్క ఇద్దరికీ వచ్చు, కిందటిసారే నేర్చుకున్నారు. డేలియో "ఆ ఇల్లంటే నీకిష్టం కదా" అన్నాడు.

"చాలా ఇష్టం" అంది ఆమె. నిజంగానే ఇష్టం. వంటింటి కిటికీలోంచి ఎవరి ఇల్లూ కనబడదు, అందులోకి ఎవరూ చూడరు. లైటు ఎంతసేపైనా వేసుకోవచ్చు. సంతకం పెడితే రేపటి నుంచి అది ఆమెది. ఎవరూ ఏమీ కనుక్కోరు. అందరూ ఆమె వైపే ఉన్నారు. అది చూసే ఆమెకి భయమేసింది.

"నీ ఇష్టం లూర్దెస్. నువ్వేం చేసినా నేను ఏమనను" అన్నాడు డేలియో. నిజమే చెబుతున్నాడు, ఆమెకు తెలుసు.

లోపలికి వచ్చి మారిబెల్‌కి ఫోన్ చేసింది. ఆర్విడ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"మారిబెల్, ఈ షాపు సెప్టెంబరులో మూసేస్తున్నారు. నా ఉద్యోగం అప్పటిదాకే. అది రాసుకో."

ఆ పిల్ల గొంతు తగ్గించింది. "అమ్మా, మీరు నాకు ఫోన్ చెయ్యలేదు. నేను వినలేదు. పెట్టేయండి, రేపు పదింటికి కలుద్దాం."

ఈ పిల్ల కూడా మంచిదే. ఇన్నాళ్లూ తనే అనవసరంగా అనుమానించింది పాపం.

"విన్నావు తల్లీ. రాసుకో."

"ఇల్లు పోతుందమ్మా. తెలుసా మీకు?"

"తెలుసు."

"మరెందుకు చెబుతున్నారు?"

"కిందటిసారి ఇల్లు పోయినప్పుడు, జీతం ఎక్కువ రాయడం తప్పని మాకు తెలీదని చెప్పుకున్నాం. నిజంగానే తెలీదు. ఆ ఒక్క మాట మీదే ఇన్నేళ్లు తలెత్తుకు తిరిగాను. ఈసారి పోతే ఏమని చెప్పుకోను?"

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"సరే, చెప్పండి" అంది మారిబెల్. "ఎవరు మాట్లాడుతున్నట్టు రాసుకోమంటారు?"

లూర్దెస్ తన పేరు అక్షరం అక్షరం నెమ్మదిగా చెప్పింది.