ఫోటో ఖర్చు చెరి సగం

ఓడలో నగదు చెల్లదు. ఎక్కేటప్పుడు గదికి తాళం తీసే కార్డు ఒకటి ఇస్తారు. కాఫీ తాగినా, శాలువా కొన్నా దాన్నే చూపించాలి. ఖర్చంతా గది ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా వెనుక ఎవరిదో ఒకరి బ్యాంకు కార్డు ఉండాలి. మా గది ఖాతా వెనుక ఉన్నది మా బావ, అంటే నా భర్త అన్న, అంజన్న కార్డు.

ఆయనే పెట్టారు. బయల్దేరే ముందు ఆదివారం ఛత్రినాకలో మా ఇంటికి వచ్చి, నా ఫోను తీసుకుని, ఓడవాళ్లు అడిగిన వివరాలన్నీ తానే నింపారు. కార్డు నంబరు అడిగిన చోట ఆగి జేబులోంచి పర్సు తీశారు.

"నాకు జీతం కార్డున్నది బావా," అన్నాను.

"ఉండనీ. ఇంటికి పెద్దోన్ని నేనుండంగ నీ కార్డెందుకు? మీరు ఫికర్ చెయ్యకుండ్రి. మంచిగ తిరిగి రాండ్రి."

మా అత్తమ్మ కృష్ణమ్మ గోడకు ఆనుకుని మల్లెలు మాల కడుతోంది. తలెత్తలేదు. నేనూ వాదించలేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఆయనకు ఏదో ఒకటి చెయ్యాలని ఉంది. అప్పటికి అలాగే అనుకున్నాను.

టికెట్లు కొన్నది నా భర్త ఎల్లేష్. చెన్నై నుంచి విశాఖపట్నం, మళ్లీ చెన్నై. తనకు, నాకు, వాళ్లమ్మకు. వాయిదాలు కూడా పూర్తి చేశాడు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం డిపోలో బస్సు కింద బోల్టు బిగిస్తూ అలాగే ఉండిపోయాడు. గుండె, అన్నారు. హుస్సేనీ ఆలంలో నేను పనిచేసే బడికి తిరిగి వెళ్లిన రోజు, హాజరు వేస్తున్నప్పుడు పిల్లలు మీ సార్ ఎక్కడని అడిగారు. "సార్ లేరు," అన్నాను. అప్పటి నుంచి ఎవరు అడిగినా అదే మాట. ఇంకో మాట ఉంది. అది వాడలేదు.

టికెట్ల డబ్బు వాపసు ఇవ్వడం కుదరదని ఓడవాళ్లు అన్నారు. ఏడాది తిరగకుండానే ఓడ షికారా అని చుట్టాలు అడిగారు. అత్తమ్మ ఒక్కటే జవాబు చెప్పింది.

"నా కొడుకు కొన్నడు. నేను పోత. మీరు కొంటే మీరు పోండ్రి."

*

ఓడ మెట్ల దగ్గర ఒక ఫోటోగ్రాఫరు నిలబడి, ఎక్కే వాళ్లందరికీ ఫోటో తీస్తున్నాడు. దగ్గరగా జరగండి అని చేత్తో సైగ చేశాడు. మేము జరగలేదు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు ఉండిపోయింది. ఆ చోటు ఎవరు వదిలారో నాకు తెలియదు. నేనైతే అనుకుని వదల్లేదు.

మర్నాడు ఆ ఫోటోలన్నీ ఒక గోడకు తగిలించి అమ్మకానికి పెట్టారు. అత్తమ్మ మా ఫోటో ముందు చాలాసేపు నిలబడింది.

"తీసుకుందాం," అంది.

"ఖరీదు మస్తున్నది అత్తమ్మా."

"ఉండనీ."

తీసుకున్నాం. ఓడంతా ఏసీ. ఆమెకు చలి ఆగలేదు. ఒక శాలువా తీసుకున్నాం. రెండు కాఫీలు తాగాం.

"సగం నురుగే," అంది అత్తమ్మ, కప్పులోకి చూస్తూ. "ఇగ మన సుల్తాన్ భాయ్ చాయ్ కూడ గిట్ల గాలి నింపి అమ్మితే, ఈపాటికి మేడ కట్టేటోడు."

ఎల్లేష్ పోయాక ఆమె వేసిన మొదటి జోకు అది. నేను నవ్వాను. పక్క బల్ల మీది వాళ్లు మమ్మల్ని చూశారు. చూడనీ అనుకున్నాను.

మరుసటి పొద్దున ఓడ విశాఖపట్నం రేవులో ఆగింది. సముద్రం మీద పోయిన సిగ్నల్ తిరిగి వచ్చింది. ఫోను ఒకదాని వెంట ఒకటి మెసేజులు దించుకుంటుండగానే బావ కాల్ వచ్చింది. అత్తమ్మ కూడా వింటుందని స్పీకరు పెట్టాను.

"సుజనా, ఫోటో ఏందమ్మా?"

"ఓడ ఎక్కంగ తీసిన్రు బావా."

"ఏడాది కాలే. ఫోటోలు దిగుతరా ఎవరన్న? చూసినోళ్లు ఏమనుకుంటరు? కాఫీకి గన్ని పైసలా? శాలువా ఎవరికి?"

"అత్తమ్మకు. చలి పెడుతున్నదన్నది."

"మీరు ఏది కొన్నా ఓడోళ్ల మెసేజొచ్చి నా ఫోన్ మోగుతున్నది. ఆఫీసుల కూసున్నా మోగుడే. పైసలు నాయి పోతున్నప్పుడు నేనడగొద్దా?"

"అడగొచ్చు బావా."

ఆయన గొంతు కొంచెం మెత్తబడింది. "సరే, అది ఇడిసిపెట్టు. ఇల్లు కిరాయికి మాట్లాడిన. జగదీశ్వర్ అని, మా ఆఫీసాయననే. ఫస్టుకు దిగుతరు. అమ్మ నా దగ్గర కర్మన్‌ఘాట్‌ల ఉంటది. నువ్వు నల్గొండకు ట్రాన్స్‌ఫర్ పెట్టుకో, మీ అమ్మగారి దగ్గరుందువు. ఒక్కదానివి ఆ ఇంట్ల ఏం జేస్తవ్?"

ఇల్లు అత్తమ్మ పేరు మీద ఉంది. పైకప్పు ఎల్లేష్ వేయించాడు. వంటగది అరలు మేమిద్దరం కూర్చుని కొలుచుకుని పెట్టించుకున్నాం.

"మమ్మల్ని అడగలేదు బావా," అన్నాను.

"అడిగేదేముంది? ఇంత ఖర్చు పెట్టి మిమ్మల్ని ఓడ మీద తిప్పుతున్నోన్ని, మీకు చెడు జేస్తనా?"

టికెట్లు ఆయన కొనలేదు. రెండు కాఫీలు, ఒక శాలువా, ఒక ఫోటో. అవి అప్పుడే ఓడంత అయ్యాయి. ఊరికి తిరిగి వెళ్లేసరికి ఇల్లంత అవుతాయి. ఇక ఆ తర్వాత మేము ఎక్కడ ఉండాలో తేల్చడానికి ఆయన మాకు ఒక మాట చెప్పనవసరం కూడా ఉండదు.

అత్తమ్మ చెయ్యి చాపి ఫోను మీద ఎర్ర గుర్తు నొక్కింది. ఫోను కట్ చేయడం ఆమెకు వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

"గీ శాలువా వాపస్ తీసుకుంటరా?" అంది.

"కప్పుకున్నది తీసుకోరు."

"అయితే పైసలు మనమే కడుదాం. వాని కార్డు తీసెయ్యమను. నీది పెట్టు, నాది పెట్టు."

"మీ కార్డు తెచ్చిన్రా?"

రవికెలోంచి చిన్న గుడ్డ సంచీ తీసింది. ఎల్లేష్ పిన్ పెట్టించి ఇచ్చిన కార్డు ఇంకా బ్యాంకువాళ్లు పంపిన కవరులోనే ఉంది.

*

లెక్కల కౌంటరులో ఉన్న అమ్మాయి పేరు స్వీటీ. అంగీ మీద పేరు రాసి ఉంది. విశాఖపట్నం అమ్మాయి. మా మాట వినగానే తెలుగులోకి మారింది.

"అలా ఎందుకండీ? ఆల్రెడీ ఒక కార్డు ఉంది కదా. ఒక గదికి ఒక కార్డు పెట్టుకోవడమే అందరికీ అలవాటండీ."

"ఒక్కో మనిషికి వేరే కార్డు పెట్టుకోవచ్చని మీరు గదిలో ఉంచిన కాగితంలో ఉంది," అన్నాను.

"ఉందండీ, కానీ..." కంప్యూటరు వైపు తిరిగింది. "మీ గదిలో ముగ్గురున్నారండీ. గది ఎల్లేష్ గారి పేరు మీద ఉంది. ఆయనెక్కలేదని చూపిస్తోంది. తర్వాత వస్తారా? ఖాతా విడదీయాలంటే ఆయనొకసారి..."

వెనుక వరుసలో అయిదారుగురు ఉన్నారు. అత్తమ్మ నా వైపు చూడలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఆయన రారు," అన్నాను. ఆ అమ్మాయి ఇంకా ఎదురుచూస్తోంది. నాకు అలవాటైన మాట ఇక్కడ సరిపోదు. "చనిపోయారు."

మాట బయటికి వచ్చింది. ఓడ అక్కడే ఉంది. నేనూ నిలబడే ఉన్నాను.

"సారీ అండీ," అంది స్వీటీ మెల్లగా. ఇంకేమీ అడగకుండా కీబోర్డు మీద ఏదో కొట్టింది. "ఇప్పుడు మీ పేరు మీదకి మార్చాను మేడం. కార్డివ్వండి."

నా కార్డు పెట్టింది. మిషన్ కూతపెట్టి వద్దంది. మళ్లీ పెట్టింది. మళ్లీ అదే.

"పాత కార్డే ఉంచేయనా మేడం?"

"వద్దు."

"ఓడ మిషను బయటి దేశం కిందకొస్తుందండీ. మీ బ్యాంకు యాప్‌లో అనుమతి ఇచ్చుకోవాలి. కానీ త్వరగా చేయండి. కాసేపట్లో బయల్దేరతాం. సిగ్నల్ పోతే ఇక చెన్నైలోనే."

పక్కకు జరిగి యాప్ తెరిచాను. పాస్‌వర్డు తప్పు కొట్టాను. ఒకసారి కాదు. బడిలో పిల్లలకు నెమ్మదిగా రాయండి, తప్పు పోదు అని చెబుతుంటాను. నా వేళ్లు వినడం లేదు. ఓడ ఒక పెద్ద కూత వేసింది. అత్తమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఓడ నడిపేటోన్ని ఆపమను," అంది స్వీటీతో. "మా కోడలు పని చేసుకుంటున్నది."

ఓటీపీ వచ్చింది. మీట నొక్కాను. ఆకుపచ్చ గుర్తు పడింది. ఈసారి మిషన్ నా కార్డు తీసుకుంది.

అత్తమ్మ కార్డుకు కూడా అదే తంతు జరిపించాను. చివర్లో స్వీటీ మిషన్ ఆమె వైపు తిప్పింది. "పిన్ నొక్కండి అమ్మా."

"మా ఎల్లేష్ పుట్టిన సాలు," అంది అత్తమ్మ గట్టిగా. "తొంభై ఒకటి. ముంగట పందొమ్మిది పెట్టాలె."

వెనుక వరుసలో ఒకాయన పకపకా నవ్వాడు. "పెద్దమ్మా, పిన్ను చెప్పొద్దు, దొంగలుంటరు!"

"అత్తమ్మా, మెల్లగ," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. "ఉండనీ నాయినా. నా కొడుకు పుట్టింది నేను దాచాల్నా?"

ఆయన నవ్వు ఆపేసి తల దించుకున్నాడు. ఆమె ఒక్కో అంకె చూసుకుంటూ నొక్కింది. చెన్నైలో దిగిన రోజే ఆమెకు కొత్త పిన్ పెట్టించాను. అదేమిటో ఇక్కడ రాయను.

స్వీటీ బావ కార్డు తీసేసింది. దాని మీద పట్టి ఉంచిన డబ్బు వదిలేశామని చెప్పింది. శాలువా అత్తమ్మకు, కాఫీలు నాకు వేసింది. "ఫోటో ఎవరికి వేయనండీ?"

"ఇద్దరికి," అంది అత్తమ్మ.

"ఒక వస్తువు ఒక కార్డు మీదే పడుతుందమ్మా."

"గదెట్ల? గుడిమల్కాపూర్‌ల పూల మార్కెట్ల నేను, నాతోని పూలమ్మే యశోద కలిసి ఒక్క గంప చామంతి పట్టుకుంటం. గంప ఒక్కటే, పాలు రెండు. ఆమె సగం ఆమె ఇస్తది, నా సగం నేనిస్త. అమ్మేటోడు ఏనాడు కాదనలే. ఫోటోల ఇద్దరం ఉన్నం గద, చూడు."

ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. స్వీటీ దాన్ని చూసింది. మా ఇద్దరినీ చూసింది. మధ్యలో ఉన్న చోటును కూడా చూసి ఉంటుంది.

"దిగే రోజు బిల్లు కట్టేటప్పుడు రండమ్మా. అప్పుడు ఎంత కావాలంటే అంత, రెండు కార్డుల మీద నేనే విడగొడతాను."

అలాగే విడగొట్టింది.

*

ఒకటో తారీఖుకు ముందు ఆదివారం బావ ట్రాలీ ఆటో తీసుకుని మా ఇంటికి వచ్చారు. అత్తమ్మ బీరువా తీసుకుపోవడానికి. ఆటో డ్రైవరు ఇంజను ఆపకుండా గల్లీలో నిలబెట్టాడు. బావ చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టారు.

"నా కార్డు తీసేయించిన్రంట. పైసలు వాపసొచ్చినట్టు మెసేజొచ్చింది. నన్ను పరాయోన్ని చేసిన్రు."

"పరాయోనివి కావు," అంది అత్తమ్మ. "కూసో. సుజన చాయ్ పెడుతది."

"చాయ్ వద్దు. సామాన్లు సర్దిన్రా?"

"ఇల్లు ఖాళీ అయితలేదు బావా," అన్నాను.

ఆయన నన్ను కొత్తగా చూశారు. ఇన్నేళ్లలో ఆయన మాటకు నేను అడ్డు చెప్పింది లేదు.

"నేను మాటిచ్చిన. అడ్వాన్సు తీసుకున్న. నా ఇజ్జత్ ఏంగావాలె?"

"మాట మీరిచ్చిన్రు. ఇల్లు అత్తమ్మది. నా బడి ఇక్కడ ఉన్నది. ఆమె పూల గంప ఇక్కడ ఉన్నది. మేమిద్దరం ఇక్కడనే ఉంటం. ఇప్పుడే ఆయనకు ఫోన్ చేసి చెప్పుండ్రి. నా ముందర."

"ఏం మాట్లాడుతున్నవ్? రేపు ఏదన్న అయితే ఎవరు రావాలె? నేనే గద!"

"నువ్వే రావాలె," అంది అత్తమ్మ. "రమ్మంటే రా. తోలుకపోనీకి రాకు. నీ పైసలు నీకు చేరినయ్. ఇగ మా మీద నీ లెక్కేమన్న ఉంటే చెప్పు."

ఆయన చూపు గోడ మీదికి పోయింది. మాల వేసిన ఎల్లేష్ పటం పక్కన ఓడ ఫోటో తగిలించాం. ఏడాది కాకుండానే. దగ్గరికి వెళ్లి చూశారు.

"నడుమ గింత జాగ ఎందుకిడిసిన్రు?" అన్నారు.

ఆయన భుజాలు కదిలాయి. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. నేను లోపలికి వెళ్లి చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టాను. గుమ్మంలోంచి ఆయన వీపు కనిపిస్తోంది.

"నాకు గూడ ఒకటి తీపించియ్యి," అన్నారు కాసేపటికి, గోడ వైపు చూస్తూనే. చెయ్యి అలవాటుగా పర్సు మీదికి పోయింది.

"తీపిస్తది," అంది అత్తమ్మ. "ఒక్క పాలే కట్టు. మొత్తం కట్టకు."

నేను చాయ్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. దాని పక్కనే, వస్తూనే ఆయన కింద పెట్టిన ఫోను కూడా పెట్టాను.

"ఫోన్ చెయ్యుండ్రి బావా," అన్నాను.

బయట ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. బావ ఫోను తీసి నంబరు కలిపారు.

"జగదీశ్వర్ సాబ్, నేను అంజన్నను. ఏమనుకోకుండ్రి. ఇల్లు ఖాళీ లేదు." అవతలి మనిషి గట్టిగా ఏదో అన్నాడు. బావ విన్నారు. "లేదు సాబ్. నాది కాదు. మా అమ్మోళ్లు ఉంటున్నరు."

నేను గల్లీలోకి వెళ్లి ఆటో వెళ్లిపోవచ్చని చెప్పాను.