ఊకలో ఐసు ముక్క

కొక్కేనికి తగిలించి ఉప్పునీళ్ళలోంచి పైకి లాగిన ఐసు డబ్బాను సత్తియ్య మామూలు నీళ్ళ తొట్టిలో ముంచాడు. లోపలి ఐసు అంచులు వదులయ్యాక డబ్బాను పక్కకి వాల్చాడు. మనిషంత దిమ్మ సర్రున జారి తడిగచ్చు మీద పడింది. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో ఆ పొద్దున పట్టిన రొయ్యలన్నీ దాని కోసమే కాచుకుని ఉంటాయి.

వీరవెంకటసత్యనారాయణ అని తల్లి మొక్కుకుని పెట్టిన పేరు ఈ ఐసు ప్లాంటులో అరిగి అరిగి సత్తియ్య అయింది. వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి, పగిలి, చాలా ఏళ్ళ కిందటే మొద్దుబారిపోయాయి. అన్నం వేడిగా ఉందో చల్లారిందో పెదవికి తగిలితేగాని తెలియదు. ఇవాళ కూడా సెలవు అడగలేదు. పొద్దుటి లోడు ఎక్కించే వెళ్తానన్నాడు. అడిగి లేదనిపించుకోవడం అతనికి కిట్టదు.

వెళ్ళేముందు దిమ్మ అంచున ఇటుకంత ముక్క కొట్టి, ఊకలో పొర్లించి, గోనెపట్టాలో చుట్టాడు.

డ్రైవరు శ్యాంబాబు కారు గేటు దగ్గరే ఉంది. వెనక సీట్లో సత్తియ్య భార్య చిన్నమ్మాయి, ఆమెకి ఆనుకుని పదకొండేళ్ళ కూతురు పాపాయి. పాపాయికి మాటలు లేవు. చప్పుళ్ళు ఎక్కువైతే చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకుంటుంది. చెంపకి ఐసు ఆనిస్తే నెమ్మదిస్తుంది. ఆ సంగతి కనిపెట్టింది సత్తియ్యే. ఆ పిల్ల విషయంలో ఊరంతా సలహాలిచ్చింది. పనికొచ్చింది మాత్రం ఐసు ఒక్కటే.

"ఏంటి సత్తియ్యన్నా, పిల్లని కూడా రొయ్యల్లాగ ఐసేసి పంపించేత్తన్నావేంటి?" అన్నాడు శ్యాంబాబు, గోనెపట్టా చూసి.

"నువ్వు రోడ్డు చూసి తోలు. హారన్ కొట్టావంటే నీకూ ఐసేత్తాను."

హైదరాబాదులో ఇలాంటి పిల్లల బడిలో సీటు వచ్చింది. అక్కడే ఉంచుకుంటారు, వంటకి చిన్నమ్మాయిని కూడా పెట్టుకుంటామన్నారు. ఇవాళ చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. కిందటి వారం ముగ్గురూ రైల్లో బయల్దేరారు. పాపాయి కేకలకి బోగీ అంతా లేచి నిలబడింది. "పిచ్చిపిల్లని రైలెందుకు ఎక్కించారండీ" అన్న పెద్దమనిషి మెడ నిండా రుద్రాక్షలు. కైకలూరులో దిగిపోయారు. విమానమైతే గంటలో తీసుకెళ్ళి పడేస్తుందని ప్లాంటు యజమాని శ్రీనివాసరాజుగారు రెండు టిక్కెట్లు తీయించారు. మూడోది సత్తియ్య అడగలేదు.

రాజమండ్రి దాటి మధురపూడి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర జవాను గోనెపట్టా వైపు చూపించి విప్పమన్నాడు. విప్పగానే మెరిసే నేల మీద ఊక రాలింది. వెనక సూట్‌కేసులవాళ్ళు రెండడుగులు జరిగి నిలబడ్డారు.

విమానం కంపెనీ అమ్మాయి పాపాయి కోసం చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. చొక్కా మీద కీర్తిప్రియ అని పేరుంది.

"ఏంటండి ఇది?"

"ఐసండి. మా పాపకి."

"అయ్యో, నీళ్ళు పంపరండి బాబాయ్‌గారూ."

"నీళ్ళు వద్దన్నారనేనండి ఐసు తెచ్చింది. చూడండి, రాయిలా ఉంది. ఊకలో ఉంటే ఎక్కేదాకా కరగదండి."

"ఎప్పటికైనా కరిగేదే కదండి. లోపల చెకింగ్‌లో అస్సలు ఒప్పుకోరు."

"ఇది లేకపోతే పిల్ల ఉండదండి."

అతను బతిమాలుకోలేదు. ఉన్నమాటే అన్నాడు. అరుస్తుంది, ఎక్కనివ్వరు, ముగ్గురూ అదే కారులో భీమవరం వెళ్ళిపోతారు. పొయ్యి దగ్గర చిన్నమ్మాయి, గోడ పక్కన పాపాయి. అలా అనుకోగానే గుండెల్లో ఏదో తేలికపడింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"పాప చెయ్యి వదులు. నేను చూసుకుంటాను," అంది చిన్నమ్మాయి.

"ఏం చూసుకుంటావే?"

"రేపటి నుంచి చూసుకోవాల్సింది నేనేగా!"

టిక్కెట్టు లేనివాడికి ఆ గుమ్మమే హద్దు. పాపాయి చెయ్యి వదిలాడు. గోనెపట్టా మళ్ళీ చుట్టి, జవాను చూపించిన స్తంభం మొదట్లో పెట్టాడు.

వాళ్ళు లోపల అడుగుపెట్టగానే మైకు మోగింది. పాపాయి చెవులు మూసుకుని పక్కకి తూలింది. అక్కడున్నది గోడ కాదు, లోపలికీ బయటికీ మధ్య నిలువెత్తు గాజు అద్దం. తల ఒకసారి ఠంగున తగిలింది. సత్తియ్య బయట నుంచి ఆ అద్దం దగ్గరికి పరుగెత్తాడు. రెండోసారి తగల్లేదు. ఏసీకి చల్లబడిన అద్దానికి చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, అలాగే ఉండిపోయింది. కీర్తిప్రియ కుర్చీ పక్కకి నెట్టేసి నిలబడింది. తొందరపెట్టలేదు.

ఇవతల ఉక్కకి అద్దమంతా చెమట పట్టింది. సత్తియ్య ఆ చెంప దగ్గర వేళ్ళు ఆనించాడు. చల్లగా ఉందో లేదో అతనికి తెలియలేదు. తడి మాత్రం మణికట్టు దాకా కారింది.

కాసేపటికి పాపాయి చెంప అద్దానికి రాసుకుంటూనే నడిచింది. అద్దం అయిపోయిన చోట తల్లి చెయ్యి పట్టుకుంది. వెనక్కి చూడలేదు. ఆ పిల్ల ఎప్పుడూ ఎవరి వైపూ చూడదు. ఇవాళ కొత్తగా బాధపడాల్సిందేముందని అనుకున్నాడు.

విమానం లేచాక శ్యాంబాబు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "పద అన్నా. సాయంత్రం లోడుంది కదా."

సత్తియ్య వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాడు.

స్తంభం మొదట్లో గోనెపట్టా కింద నుంచి సన్నటి నీటిధార, రెండు మూడు ఊక రేకులను తేలించుకుంటూ, గుమ్మం వైపు పాకుతోంది.